వాసన నిలవని గ్లాసు

ఇదిగో, ఇవి కూడా పనికిరాలేదు. తీసేసుకోండి. లెక్కపెట్టుకోండి కావాలంటే, అన్నీ ఉన్నాయి, ఒక్కటీ పగల్లేదు. లోపల గడ్డి కూడా మీరు కూరింది కూరినట్టే ఉంది.

అలా చూడకండి అక్కగారూ. ఈ ఎండలో చంకలో అట్టపెట్టె ఇరికించుకుని తిరగడం నాకేమన్నా సరదానా? బస్సులో ఎవడో మోచెయ్యి తగిలిస్తే పెట్టెలో గలగలమంది, నా గుండె గుభేల్మంది. పగిలితే మీరు తీసుకోరు కదా అని ఒళ్ళో చంటిపిల్లని పెట్టుకున్నట్టు పెట్టుకొచ్చాను.

కూర్చోమంటారా? సరే, కూర్చుంటాను. మంచినీళ్ళొద్దు. ...పోనీ ఇవ్వండి, గొంతెండిపోయింది.

అసలు నాకొకటి చెప్పండి. ఇన్నేళ్ళబట్టీ గాజుసామాను అమ్ముతున్నారు. వాసన నిలిచే గ్లాసు ఒక్కటి, ఒకే ఒక్కటి, మీ కొట్టులో లేకుండా పోయిందా? ఇంత కొట్టు! నేల నుంచి చూరుదాకా గ్లాసులే! ఏం లాభం?

నేను కాచేది మామూలు బీరు కాదని మీకు తెలుసు. దాహమేసినప్పుడు గటగటా తాగి మూతి తుడుచుకునే రకం కాదది. నల్లటిది, చిక్కటిది, ఘాటైంది. నెలల తరబడి పీపాలో పడుకోబెట్టి, పసిబిడ్డని చూసినట్టు చూసి తీస్తాను. దాన్ని ఒక్క గుక్కలో తాగేవాడు నాకు శత్రువు. సగం గ్లాసే పొయ్యాలి. చేత్తో మెల్లగా తిప్పాలి. ముందు ముక్కు తాగాలి, ఆ తర్వాతే నోరు.

అందుకని గ్లాసుకి పొట్ట ఉండాలి. పైకొచ్చేసరికి మూతి బిగుసుకోవాలి. పొట్టలో లేచిన వాసన బయటికి పారిపోకుండా ఆ మూతి దగ్గర ఆగాలి. అడుగున పొట్టి కాడ ఉండాలి. మనం కావాలనుకుని పొట్టకింద అరచెయ్యి పెడితేనే వేడి తగలాలి, లేకపోతే లేదు. ఇంతేనండీ నేనడిగింది! ఆకాశంలో చందమామనేం అడగలేదు.

మొదట మీరిచ్చినవాటికి అంచు మందం. పెదవికి అంచు తగులుతోంది గానీ బీరు తగలట్లేదు. వాసనా లేదు. వెనక్కిచ్చాను. రెండోసారి ఇచ్చినవాటికి మూతి మరీ ఇరుకు, నా ముక్కే పట్టలేదు, ఇక వాసనేం పడుతుంది? ఇవి మూడోరకం. ఉల్లిపొరలా పల్చగా ఉన్నాయి, గోటితో మీటితే గుడిగంటలా మోగాయి, నేనే మురిసిపోయాను. ఇంటికి తీసుకెళ్ళి పోసి చూస్తే ఏముంది? శూన్యం. నల్లటి నీళ్ళు పోసినట్టుంది.

సబ్బు వాసన అడ్డొస్తోందేమో అంటారా? నాకు చెప్తున్నారా అది! సబ్బు తగలనివ్వలేదు. ఉప్పు వేసి నా చేత్తో నేనే తోమాను. వేడినీళ్ళతో తొలిచాను. గుడ్డ పెట్టి తుడిస్తే గుడ్డ వాసన పడుతుందని తుడవకుండా జల్లెడ మీద బోర్లించి ఆరబెట్టాను. అయినా రాలేదు.

మా ఆవిడేమో, "వస్తోందిగా అండీ" అంటుంది. ఎక్కడొస్తోందే? "వస్తోంది, మీరే కంగారుపడుతున్నారు." మా బావమరిది ఇంకో రెండాకులు ఎక్కువ చదివాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది బావా నీ వ్యవహారం" అన్నాడు. వాడికి బీరుకీ బార్లీ గంజికీ తేడా తెలీదు, వాడొచ్చి నాకు సామెతలు చెప్తున్నాడు!

అదలా ఉంచండి. అసలు మంట అది కాదు. ఇదిగో, ఈ రెండో సంచీ చూడండి. ఇవి నేను కొన్నవి కాదు, మా ఆవిడ కొన్నది. మీ దగ్గరే కొందిట. మగ్గులు!

మీరు నవ్వుతారేంటి? ఇదేమన్నా నవ్వే సంగతా? చూడండి దీని మూతి. మొహం కడుక్కోవచ్చు ఇందులో. అంచు చూడండి, ఇటుక మందం. పక్కన చెవొకటి. ఇందులో నా నల్ల బీరు పోస్తుందిట! శనివారం నాడు, హోటలాయన ముందు!

మీకు హోటలాయన సంగతి చెప్పలేదు కదూ. స్టేషను దగ్గర పెద్ద హోటలుందే, ఆయన. శనివారం సాయంత్రం స్నేహితుల్ని వెంటబెట్టుకుని మా ఇంటికి రుచి చూడ్డానికొస్తున్నాడు. నచ్చిందా, ఇకనుంచి ఆయన హోటల్లో నా బీరే. నచ్చలేదా, మా ముందుగదిలో బీరమ్ముకోడానికి వేసుకున్న నాలుగు బల్లలూ ఎత్తేసి నేను మళ్ళీ మందుల ఫ్యాక్టరీకెళ్ళి సీసాలకి మూతలు బిగించుకోవడమే. ఆ ఫ్యాక్టరీ ఎలా ఉంటుందో నాకు తెలుసు, మళ్ళీ వెళ్ళలేను.

అలాంటి రోజున మగ్గులేంటండీ? పైగా ఏమంటుందో విన్నారా? "మగ్గుల్ని ముందురోజే ఫ్రిజ్‌లో పెడదాం, తెల్లగా మంచు పట్టాక పోద్దాం, బీరు కూడా పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఇద్దాం" అంటుంది! చలికి వాసన చచ్చిపోతుందని నాకు మొదట చెప్పిందెవరనుకున్నారు? ఆవిడే! నాది వెనక కొట్టంలో కాచే పని. ముందు గదిలో పోసేది, ఇచ్చేది, తాగేవాడి మొహం చూసి నాకొచ్చి చెప్పేది ఆవిడ. గ్లాసుల సంగతి ఆవిడకి తెలిసినంత నాకే తెలీదు.

ఒకసారి ఒక పెద్దమనిషొచ్చి, "మగ్గులో పొయ్యమ్మా" అన్నాడు. ఏమందో తెలుసా? "మా ఇంట్లో మగ్గు బాత్రూంలో ఉంటుందండీ" అంది. గదిలో వాళ్ళందరూ పడీపడీ నవ్వారు. ఆయన చచ్చినట్టు పొట్టగ్లాసులో తాగి, పోతూపోతూ, "నువ్వు చెప్పిందే రైటమ్మా" అని వెళ్ళాడు. అలాంటి మనిషండీ! ఇప్పుడు మగ్గులంటుంది! పట్టుకున్న కుందేలుకి మూడే కాళ్ళంటుంది!

నిన్న నాకు ఒళ్ళు మండి, మా బావమరిది ముందు, పక్కింటివాళ్ళ ముందు గట్టిగా అనేశాను. "నీకేం తెలుసే గ్లాసుల గురించి? నీకు తెలీని విషయంలో వేలు పెట్టకు" అన్నాను. ఎదురు చెప్తుందనుకున్నాను. మాటకి మాట అప్పజెప్పే మనిషే. తల దించుకుని, "నిజమేనండీ, నాకు తెలీదు" అని లోపలికెళ్ళిపోయింది. అది చూసి నాకింకా మండింది.

అందుకని ఇవీ అవీ అన్నీ తీసేసుకోండి. ఇంకేదన్నా రకం ఉంటే...

అదేంటి? అప్పుడే పెట్టె లోపల పెట్టించేస్తున్నారు? విప్పి చూసుకోరా?

ఒక్కటీ చూడకుండానే?

ఆగండి అక్కగారూ. ఒక్క నిమిషం. మీ తల మీద ఆ బోర్డేంటి? "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు." ఎర్రరంగుతో రాయించారు, సందు చివరికి కనబడుతుంది. మొన్న నా కళ్ళముందే ఒకాయన చెవి విరిగిన కప్పు పట్టుకొస్తే, "చదువుకోలేదా నాయనా" అని వీధిదాకా సాగనంపారు. నేను మూడోసారి పెట్టెలకి పెట్టెలు తెచ్చి పడేస్తుంటే మంచినీళ్ళిచ్చి కూర్చోబెడుతున్నారు. ఒక్క మాట అనరు. విసుక్కోరు. నేనేమన్నా మీ అల్లుణ్ణా?

మా ఆవిడ మగ్గులకి రాకముందే ఇంకోసారి వచ్చిందా ఇక్కడికి?

చూపు తిప్పుకోకండి. వచ్చిందా?

...వచ్చింది. అనుకున్నాను. నేను మొదటి పెట్టె వెనక్కి తేకముందేనా? ఏమందీ? చెప్పండి, నేనేం అనుకోను.

"ఆయన ఏం తెచ్చినా తీసేసుకోండి, వాదించకండి" అందా. ఊఁ. ఇంకా? "నేనన్నానని ఆయనతో అనకండి." ఊఁ. బాగుంది. చాలా బాగుంది. ఊరంతా చాటింపు వేయించింది నా ముక్కు గురించి!

ఏం ముక్కంటారేంటి?

అంటే... అది చెప్పలేదా మీకు?

అయ్యో రామ. నా నోటికి తాళం లేకుండా పోయింది. నేనే చెప్పేసుకున్నాను.

ఎందుకిలా తిరుగుతున్నానో మీకు తెలీకుండానే తీసుకున్నారా ఇన్నిసార్లు? ఆవిడ ఒక్క మాట అడిగిందని?

సరే. ఇంకా దాచి ఏం చేసుకుంటాను? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి. నాకు వాసన తెలీదు అక్కగారూ. వానల్లో జ్వరమొచ్చి పడుకున్నానే, అది పోతూపోతూ ముక్కుని పట్టుకుపోయింది. మొదట జలుబనుకున్నాను. జలుబు తగ్గింది, వాసన రాలేదు. ఇవాళ వస్తుంది, రేపొస్తుంది అని చూస్తూ కూర్చున్నాను. డాక్టరు, "కొందరికి వస్తుంది, కొందరికి రాదు" అన్నాడు. ఆ ముక్క నేను చెప్పలేనా?

తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఎవరికి చెప్పుకోను? వంటవాడికి చేతులు పోతే జాలిపడతారు. బీరు కాచేవాడికి ముక్కు పోయిందంటే నవ్వుతారు. ఒకరోజు పొయ్యిమీద పాలు మాడి వంటిల్లంతా పొగైపోతే, కళ్ళు మండేదాకా అక్కడే కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసింది. "ఏదో ఆలోచనలో ఉన్నాను" అన్నాను. మాడిన గిన్నె నీళ్ళలో పడేసి కిటికీలు తెరిచింది.

తర్వాత ఆ కలరా ఉండల గొడవ. అదీ వినండి, మీరు నవ్వినా సరే. మా పాత పొట్టగ్లాసులుండేవి. ఇల్లు సున్నాలు వేయిస్తూ, పగుల్తాయని ఆవిడ వాటిని చలికోట్ల బీరువాలో దాచింది. ఆ బీరువా నిండా కలరా ఉండలు. నాకేం తెలుసు? ఒకటి తీశాను, పాత బీరు సీసా ఒకటుంటే వంచాను, తిప్పాను, కళ్ళు మూసుకుని ముక్కు పెట్టాను. ఆవిడ ఎదురుగా నిలబడి ఉంది. ఏదో ఒకటి అనాలి కదా! అలవాటుగా, "ఆహా, ఎండుద్రాక్ష, వేయించిన కాఫీ గింజ, మాడీ మాడని పాకం" అని అప్పజెప్పాను.

ఆవిడ నన్నే చూస్తూ నిలబడింది. ఆ గ్లాసు తీసుకుని తనూ వాసన చూసింది. "అవునండీ, బాగా వస్తోంది" అంది.

అంతలో మా బావమరిదొచ్చాడు. వాడు గ్లాసెత్తాడు, "ఛీ ఛీ, ఇదేంటి బావా, బట్టల బీరువాలో కాచావా?" అన్నాడు. ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళిపోయింది, "నీకు కాఫీ ఇస్తాను రా" అని.

ఆవిడకీ జలుబు చేసిందేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తప్పు గ్లాసులదన్నాను. ఆ గ్లాసులన్నీ పారేసి మీ కొట్టుకొచ్చాను. నిజం చెప్పనా? గ్లాసు మంచిదైతే, పొట్ట సరిగ్గా కుదిరితే, మూతి సరిగ్గా బిగిస్తే, ఏదో ఒక గ్లాసు కొంచెమన్నా నా ముక్కుదాకా తెస్తుందేమోనని ఆశ. చెవిటివాడి ముందు శంఖం మార్చిమార్చి ఊదించినట్టు మీచేత గ్లాసులు మార్పించాను.

ఏడవట్లేదండీ. చెమట.

ఇప్పుడు నన్ను తినేస్తున్నది ముక్కు కాదు, ఇంకోటి. పీపాలో ఉన్న బీరు, శనివారం ఆయనకివ్వాల్సింది, అది నేను జ్వరం తర్వాత కాచింది. లెక్క ప్రకారం కాచాను. వేడి కొలిచాను, తీపి కొలిచాను, అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. కానీ ఒక్కసారీ దాని వాసన చూళ్ళేదు. ఎలా ఉందే అని అడిగితే ఆవిడ, "బాగుందండీ" అంది. కలరా ఉండల్ని కూడా బాగున్నాయన్న మనిషే కదా! ఆ "బాగుంది"ని నేనెలా నమ్మను? నాకు వాసన తెలీదని ఆవిడకి తెలుసు, ఆవిడకి తెలుసునని నాకిప్పుడు తెలిసింది. ఇక ఇంట్లో నిజం చెప్పేవాళ్ళెవరున్నారు?

మీరు చెప్పండి.

అవును, మీరే. ఆ పీపాలోంచి పట్టిన సీసా ఒకటి సంచీలోనే ఉంది. మీ గ్లాసులో పోసి చూపిద్దామని తెచ్చాను. మీరు ముట్టరని తెలుసు, మిమ్మల్ని తాగమన్లేదు. వాసన చూడండి, అంతే. మీరు నాకు చుట్టం కారు, నా మీద జాలిపడక్కర్లేదు. తలుపు దగ్గరగా వెయ్యండి, ఎవరన్నా చూస్తే బాగుండదు.

ముందు ఈ మగ్గులో. ఇంతే, అడుగున. పెట్టండి ముక్కు. ఏమొస్తోంది?

ఏమీ లేదా? కొంచెం చేదుగా, కాల్చిన గింజలాగా... అంతేనా? సరే. మగ్గులో అంతకంటే ఏం రాదు. నేను చెప్పలేదూ?

ఇప్పుడు ఇది. పొట్టగ్లాసులో. నేనే తిప్పుతాను, మీరు ఒలకబోస్తారు. ఊఁ, ఇప్పుడు. దగ్గరగా.

ఏంటి?

మొహం అలా పెట్టారేంటి అక్కగారూ?

కళ్ళజోడు తర్వాత తుడుచుకోవచ్చు. చెప్పండి. ఎండుద్రాక్ష ఉందా? ...లేదా. పాకం? ...పోనీ ఏముంది? ఏదో ఒకటి ఉందిగా, మీ మొహమే చెప్తోంది.

అట్టపెట్టె? అంటే ఎలాంటి అట్టపెట్టె?

మీ గోడౌన్లో వానకి నానిన పెట్టెల వాసనంటారా.

కాదు, కాదు. ఇక్కడ పక్కనే పెట్టెలున్నాయి కదా, వాటిదయ్యుంటుంది. గ్లాసు పట్టుకుని అలా గుమ్మంలోకి వెళ్ళండి. ఎవరన్నా చూస్తే చూశారు. గాలి పీల్చుకోండి. ఇప్పుడు పెట్టండి.

...అదేనా.

అదే. తడి అట్ట. ఇక మీరేం చెప్పక్కర్లేదు. బీరుకి తడి అట్ట వాసనొచ్చిందంటే గాలి దూరిందని అర్థం. పీపా మూతకింద రబ్బరు వాషరుంటుంది. పాతదైతే గట్టిపడిపోతుంది, సందు ఇస్తుంది. ముక్కున్న రోజుల్లో మూత దగ్గర ఒకసారి వంగితే పట్టేసేవాణ్ణి. ఇప్పుడు నాలుకొక్కటే మిగిలింది. దానికి తీపి తెలుస్తుంది, చేదు తెలుస్తుంది, గొంతులో దిగే వేడి తెలుస్తుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా అని మురిసిపోయాను.

పోయింది. మొత్తం పీపా పోయింది. దీనికి మందు లేదు.

మగ్గులో ఏమీ రాలేదన్నారు కదా మీరు?

ఆగండి.

మగ్గులో రాలేదు. వెడల్పు మూతి కదా, వాసన నిలవదు. మంచు పట్టిస్తే ఆ కొంచెమూ చచ్చిపోతుంది. పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఇస్తే...

అమ్మనీ! అందుకా!

ఈ మగ్గులు అందుకు కొందా! మీకర్థమైందా అక్కగారూ? ఆవిడకి మొదట్నించీ తెలుసు. పీపా పాడైందని తెలుసు. అది చెప్పాలంటే ముందు నా ముక్కు పోయిందని నా మొహమ్మీద చెప్పాలి. చెప్పలేకపోయింది. గ్లాసుల గురించి ఊరికి పాఠం చెప్పిన మనిషి, ఏమీ తెలీనిదానిలా మగ్గులు కొనుక్కొచ్చి నాతో పోట్లాడింది! శనివారం ఒక్కపూట ఎలాగో గట్టెక్కితే చాలనుకుంది, పిచ్చిది. హోటలాయన అంత అమాయకుడా? పోనీ ఆ పూట గడిచినా ఆయన హోటల్లో రేపు ఎవరో ఒకరు మంచి గ్లాసులో పోసుకోరా?

నేనేమో నలుగురిలో, నీకేం తెలుసే అన్నాను. నిజమేనండీ అంది. చూశారా, ఎంత పని చేసిందో! నాకు చెప్పొచ్చు కదండీ! చెప్తే నేనేమన్నా కొరుక్కుతింటానా?

...అవును లెండి. కొరికేవాణ్ణే. మీరనకపోయినా నాకు తెలుసు.

సరే, లేస్తాను. హోటలాయనకి ఫోను చేసి రావద్దంటాను. ఎందుకని అడిగితే, బీరు పాడైందని చెప్తాను, ఉన్నమాటే కదా. మళ్ళీ కాచినప్పుడు పిలుస్తాను, వస్తే వస్తాడు, లేకపోతే మూతలు బిగించే పని ఎలాగూ ఉంది. ఆ పీపా ఇవాళే కాలవలో వంపేస్తాను. వంపేటప్పుడు ఆవిణ్ణి పక్కన నిలబడమంటాను. ముక్కు మూసుకుంటుందో లేదో చూస్తాను.

మగ్గులు మీ దగ్గరే ఉంచేసుకోండి. మా ఇంట్లో ఒకటుంది, బాత్రూంలో.

ఆ పల్చటి పొట్టగ్లాసు మాత్రం ఇవ్వండి. పెట్టె కాదు, ఒక్కటే. విడిగా అమ్మరా? అది బోర్డు మీద రాయలేదే! ...ఆఁ, అలా దారికి రండి. గడ్డి ఎక్కువ పెట్టి కట్టండి, మళ్ళీ బస్సెక్కాలి.

రెండు తీసుకోమంటారా? రెండెందుకండీ? వాసన చూసేది ఆవిడ. నాదేముంది, నాకు స్టీలు గ్లాసైనా ఒకటే.